చలిలో సైలెన్సర్ నుంచి నీళ్లు కారుతున్నయి, హెడ్ గ్యాస్కెట్ పోయినట్టేనా?

ప్రశ్న: చలిమంట (ఆదిలాబాద్)

అందరికి నమస్తే. 2018 మోడల్ 1.2 లీటర్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 61 వేల కిలోమీటర్లు తిరిగింది. పదిహేను రోజుల సంది పొద్దుగాల స్టార్ట్ చేస్తే సైలెన్సర్ గొట్టం నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగ కారుతున్నయి, తెల్ల పొగ కూడ వస్తున్నది. ఇక్కడ పొద్దున ఏడింటికి 8, 9 డిగ్రీలు ఉంటున్నది. పది నిమిషాలు ఐడ్లింగ్‌ల ఉంచి గొట్టం కింద గ్లాసు పెడితే ఇంచుమించు ఒక టీ గ్లాసు నిండుతున్నది.

దగ్గర్ల ఉన్న షెడ్డుల చూపిస్తే "హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ దించాలె, 18 వేలు అయితది" అన్నరు. బానెట్ లేపి చూసుడు తప్ప వేరే పరీక్ష ఏం చేయలె.

మిగతా సంగతులు: రోజు తిరిగేది 3 కిలోమీటర్లు పోను, 3 రాను. టెంపరేచర్ ముల్లు ఎన్నడు పైకి పోలె. మైలేజీ మాత్రం లీటరుకు 16 నుంచి 13కు పడ్డది. ఎండాకాలంల ఒకసారి రేడియేటర్ మరిగితే పని చేయించినం, అప్పుడు కూలెంట్ బదులు మామూలు నీళ్లే పోసిన్రు. రెండు నెలల సంది మళ్ల పోసింది లేదు. హెడ్ దించక ముందు ఇంటికాడ ఏమేం చూడాలె, ఏ వరుసల చూడాలె?

---

12-13 స్పానర్

అన్నా, ఇప్పుడే హెడ్ దించనివ్వకండి. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజిన్ బ్లాకుకూ పైనున్న హెడ్‌కూ మధ్య ఉండే సీలు, అది పోతే రేడియేటర్ నీళ్లు సిలిండర్‌లోకి దిగొచ్చు. మీరు చెప్పిన వాటిలో హెడ్ గ్యాస్కెట్ పోయిందని చూపించే ఆధారం ఒక్కటీ లేదు.

ముందు ఆ నీళ్లు ఎక్కడివో లెక్క చూద్దాం. పెట్రోల్‌లో ఉండే హైడ్రోజన్ మండితే నీరవుతుంది. లీటరు పెట్రోల్ కాలితే దాదాపు 900 మిల్లీలీటర్ల నీరు పుడుతుంది. గొట్టాలన్నీ వేడెక్కి ఉంటే అదంతా ఆవిరిగానే పోతుంది, మన కంట పడదు. సైలెన్సర్ లోపలి రేకు సుమారు 50 డిగ్రీల కన్నా చల్లగా ఉంటే మాత్రం ఆవిరి అక్కడే నీరవుతుంది, అన్నం గిన్నె మూత లోపల పట్టినట్టు. చలిలో మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు మీ ఇంజిన్ 1200 ఆర్‌పీఎమ్ దగ్గర తిరుగుతూ గంటకు లీటరుకు అటూఇటూగా తాగుతుంది. పది నిమిషాలకు 170 మిల్లీలీటర్ల పెట్రోల్ అనుకుంటే 150 మిల్లీలీటర్ల నీరు. టీ గ్లాసంటే 80, 90 మిల్లీలీటర్లు. నిన్న తిరిగిన 3 కిలోమీటర్లలో సైలెన్సర్ డబ్బా ఎండక అడుగున నిలిచిన నీళ్లు కూడా ఇందులో కలుస్తాయి. కాబట్టి మీ టీ గ్లాసు లెక్కకు మించినదేమీ కాదు.

ఇప్పుడు పరీక్షలు. మొదటిది ఖర్చు లేనిది: మధ్యాహ్నం చూడటం. ఆదిలాబాద్‌లో పొద్దున ఎంత చలి ఉన్నా రెండింటికి 26, 27 డిగ్రీలు ఉంటుంది. ఆ వేళకి బండిని ఆపకుండా 20 కిలోమీటర్లు నడపండి. తర్వాత ఆపి, ఇంజిన్ తిరుగుతుండగానే గొట్టం వెనక నిలబడి చూడండి. ఆవిరి చల్లబడి పట్టిన (కండెన్సేషన్) నీళ్లే అయితే అప్పటికి పొగా ఉండదు, చుక్కా ఉండదు. అంత ఎండలో, అంత వేడి ఇంజిన్ మీద కూడా తెల్లటి పొగ దట్టంగా వచ్చి గాల్లో తేలుతూ నిలబడితే అప్పుడు అనుమానించాలి. పొద్దున పూట పొగ చూసి తీర్పు చెప్పడం కుదరదు. పొగమంచులో మంచి ఇంజిన్ కూడా పొగ వదులుతుంది.

రెండోది అందరూ చెప్పే పరీక్ష: కారిన నీళ్ల రంగు, వాసన. ఉత్త కండెన్సేషన్ నీళ్లయితే తేటగా ఉండి, అడుగున మసి నలుసులు ఉంటాయి. కూలెంట్ కలిస్తే తియ్యటి వాసన, వేళ్ల మధ్య జిడ్డు. కానీ మీ బండిలో ఉన్నది మామూలు నీళ్లు. రంగూ లేదు, వాసనా లేదు. లీకు ఉన్నా ఈ పరీక్షలో మీకు దొరకదు. మామూలు నీళ్లు పోయడంలో తుప్పు ఒక నష్టమైతే ఇది రెండోది. ఇక ఎవరి బండైనా సరే, నాలుకతో మాత్రం రుచి చూడొద్దు. కూలెంట్‌లో ఉండే ఎథిలిన్ గ్లైకాల్ విషం.

మూడోది నీటి మట్టం, మీ విషయంలో అసలు తీర్పు దానిదే. రాత్రంతా ఆగిన బండి మీద, రోజూ ఒకే చోట, చదునైన నేల మీద చూడాలి. రిజర్వాయర్ సీసా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. అంతటితో ఆగొద్దు. మన చిన్న కార్లలో చాలావాటికి ఆ సీసా పొంగు నీళ్లు పట్టుకునేదే, ప్రెషర్ ఉండేది రేడియేటర్‌లో. మూత రబ్బరు పోయినా, సన్న పైపు పగిలినా సీసాలో నీళ్లు అలాగే ఉంటాయి, రేడియేటర్ మాత్రం ఖాళీ అవుతుంది. అందుకే చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూతే తీసి, నీళ్లు మెడ దాకా ఉన్నాయో లేదో చూడాలి. వేడి మీద ఆ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ మీద ఉన్న నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, మూత తీసిన క్షణంలో ముఖం మీదకి ఎగుస్తాయి.

వారం, పది రోజులు ఇలా చూడండి. మట్టం కదలకపోతే నీళ్లు ఇంజిన్‌లోకి పోవడం లేదు. రోజూ టీ గ్లాసు నీళ్లు రేడియేటర్ నుంచి పోతుంటే పది రోజుల్లో 800 మిల్లీలీటర్లు తగ్గాలి. అది దాగదు.

---

నాలుగో గేరు

పైన చెప్పినవన్నీ సరైనవే. రెండు మాటలు కలుపుతాను. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్ వస్తోంది కదా, ఇథనాల్ వల్లే నీళ్లు ఎక్కువయ్యాయేమో. అలాగే గొట్టం నుంచి నీళ్లు వస్తే పొగలోని విష వాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ బాగా పనిచేస్తున్నట్టు అని కూడా చెబుతారు.

సైలెన్సర్ డబ్బా అడుగున అన్నింటికన్నా పల్లంలో 2, 3 మిల్లీమీటర్ల గుండ్రటి రంధ్రం ఉందేమో చూడండి. చాలా బండ్లకు కంపెనీయే పెడుతుంది, నిలిచిన నీళ్లు కారిపోవడానికి. తుప్పు రంధ్రం అనుకుని దాన్ని వెల్డింగ్ చేయిస్తే నీళ్లు లోపలే నిలిచి ఏడాది తిరిగేసరికి డబ్బా నిజంగానే తుప్పు పట్టిపోతుంది. తేడా తేలికే: కంపెనీ రంధ్రం అంచు నున్నగా ఉంటుంది, తుప్పు రంధ్రం అంచు పొరలు పొరలుగా ఊడుతుంది.

---

లేత్ షాపు

నాలుగో గేరు గారూ, రంధ్రం సంగతి బాగా చెప్పారు. ఈ20 మాట మాత్రం నిలవదు. లీటరు ఇథనాల్ కాలినా వచ్చే నీరు 900 మిల్లీలీటర్ల పైచిలుకే, అంటే పెట్రోల్‌కు దాదాపు సమానం. 20 శాతం కలిపినందుకు చుక్కల్లో కంటికి కనపడే తేడా రాదు. ట్యాంకులో నీళ్లు దిగడం వేరే జబ్బు. అదైతే బండి గుంజుతుంది, ఆగిపోతుంది, అంతేగానీ గొట్టం నుంచి కారదు. కన్వర్టర్ సంగతీ అంతే. నీళ్లలో ఎక్కువ భాగం సిలిండర్‌లోనే పుడుతుంది, కన్వర్టర్ కలిపేది కొంచెం. అది పూర్తిగా పాడైన బండి నుంచి కూడా నీళ్లు కారతాయి. నిజంగా తేడా తెచ్చేది సీఎన్‌జీ: కిలో గ్యాస్ కాలితే రెండు కిలోలకు పైగా నీరు. సీఎన్‌జీ బండ్ల వాళ్లు చలికాలంలో ఎక్కువ చుక్కలు చూస్తారు, కంగారు పడక్కర్లేదు. డీజిల్ బండి ఎక్కువ గాలితో మండుతుంది, ఆవిరి పలచబడుతుంది, కాబట్టి తక్కువ కారుతుంది. డీజిల్‌లో కూలెంట్ తగ్గుతూ తెల్ల పొగ వస్తుంటే హెడ్ కన్నా ముందు ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే ఎగ్జాస్ట్ గ్యాస్‌ను కూలెంట్‌తో చల్లబరిచే భాగం) చూడాలి.

ఇక చలిమంట గారికి. నీటి మట్టం తగ్గుతోందని తేలితే ఈ వరుసలో వెళ్లండి, హెడ్ దించడం అన్నింటికన్నా చివర.

స్టార్ట్ చేసిన మొదటి అర నిమిషం చెవి పెట్టి వినండి. గ్యాస్కెట్ లీకు ఉంటే రాత్రంతా కొంచెం కొంచెంగా నీళ్లు ఒక సిలిండర్‌లోకి దిగుతాయి. పొద్దున ఆ సిలిండర్ 20, 30 సెకన్లు సరిగ్గా మండక మిస్సింగ్ కొడుతుంది, బండి వణుకుతుంది, తర్వాత సర్దుకుంటుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ "ఠక్" మని బిగుసుకుంటే మళ్లీ కొట్టొద్దు. సిలిండర్ నిండా నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు ప్లగ్గులు తీయాలి.

ఇంజిన్‌కూ రేడియేటర్ పైభాగానికీ మధ్య ఉండే రబ్బరు గొట్టం, అంటే పై హోస్, పట్టుకుని చూడండి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే, నీళ్లు ఇంకా వేడెక్కకుండానే హోస్ రాయిలా బిగిస్తే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి తంతోంది. మామూలుగా వేడి పెరిగే కొద్దీ నిదానంగా బిగియాలి.

బుడగలు: చల్లటి బండి, రేడియేటర్ మూత తీసి మెడ దాకా నీళ్లు, స్టార్ట్. మొదట నాలుగు బుడగలు రావచ్చు, అది చిక్కుకున్న గాలి. ఆగకుండా వస్తూ, రేజ్ చేసిన కొద్దీ పెరిగితే గ్యాస్కెట్టో, హెడ్ పగులో. నీళ్లు వేడెక్కి పొంగక ముందే పరీక్ష ముగించి మూత పెట్టేయండి.

ప్లగ్గులు నాలుగూ తీసి వరుసగా ఒక గుడ్డ మీద పెట్టండి. మూడు లేత గోధుమ రంగులో ఉండి ఒక్కటే కడిగినట్టు తెల్లగా మెరుస్తుంటే నీళ్లు పోతున్న సిలిండర్ అదే. తిరిగి పెట్టేటప్పుడు మొదటి మరలు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం హెడ్‌లో మర తప్పితే ఆ ఖర్చు వేరే.

అనుమానం ఇంకా మిగిలితే షెడ్డులో రెండు పనులు అడగండి. ఒకటి ప్రెషర్ టెస్టర్: మూత మీద రాసిన ప్రెషర్ వరకు, సాధారణంగా 0.9 నుంచి 1.1 బార్, పంపు కొట్టి 20 నిమిషాలు ఆపాలి, ముల్లు దిగకూడదు. రెండోది బ్లాక్ టెస్టర్: రేడియేటర్ మెడ మీద పెట్టే గాజు గొట్టం, అందులో నీలం ద్రవం. ఎగ్జాస్ట్ గ్యాస్ తగిలితే పెట్రోల్ బండికి పసుపుగా మారుతుంది. సిలిండర్లలో ఒత్తిడి (కంప్రెషన్) కూడా చూడొచ్చు, ఇంజిన్ వేడి మీద, ప్లగ్గులన్నీ తీసి, ఇంధనం ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి. సిలిండర్ల మధ్య తేడా ఒక బార్ దాటకూడదు. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు కలిసి తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు.

ఆయిల్ మూత కింద మీగడలాంటి పదార్థం చూపించి భయపెడతారు. చలిలో 3 కిలోమీటర్లు తిరిగే ఏ బండికైనా అది వస్తుంది. ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ, డిప్‌స్టిక్, తీసి చూడండి. దాని మీద ఆయిల్ తేటగా ఉండి మట్టం పెరగకపోతే చెమ్మే. డిప్‌స్టిక్ మీదే పాల టీ రంగు ఉంటే ఇంజిన్ స్టార్ట్ కూడా చేయొద్దు, బేరింగులు పోతాయి, బండిని లాక్కెళ్లాలి.

లీకు ఆపే పొడి, సీసా మందు ఏదీ రేడియేటర్‌లో పోయకండి. అది పగులు దగ్గర ఆగే ముందు రేడియేటర్ సన్న గొట్టాల్లో, హీటర్ కోర్‌లో గడ్డకడుతుంది.

---

మంచుదేశం (మిన్నెసోటా)

మైలేజీ 16 నుంచి 13కు పడిందన్న మాట ఎవరూ పట్టుకోలేదు. నాకు అదే పెద్ద ఆనవాలుగా కనపడుతోంది. గ్యాస్కెట్ కన్నా ముందు థర్మోస్టాట్ చూడండి, ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపే వాల్వు అది.

థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుంటే నీళ్లు మొదటి నిమిషం నుంచే రేడియేటర్‌లో తిరిగి చల్లబడుతుంటాయి. ఇంజిన్ 60, 70 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడుతుంది, గొట్టం ఆలస్యంగా వేడెక్కుతుంది, నీళ్లు ఎక్కువసేపు కారతాయి. టెంపరేచర్ ముల్లు ఎన్నడూ పైకి పోలేదన్నారు. మామూలు చోటికైనా వస్తోందా, దానికి కిందే ఉంటోందా? హీటర్ పెడితే పది నిమిషాల తర్వాత గాలి వేడిగా వస్తోందా, గోరువెచ్చగానా? బండి కంప్యూటర్ అంకెలు ఫోన్‌కు పంపే చవకైన ఓబీడీ డాంగిల్ పెట్టి ఫోన్‌లో కూలెంట్ టెంపరేచర్ చూస్తే ఇంకా మంచిది. మంచి బండి 85, 100 మధ్య ఆడాలి. చేత్తో చూడాలంటే: స్టార్ట్ చేశాక రేడియేటర్ పై హోస్ కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచే కొంచెం కొంచెంగా వెచ్చబడుతుంటే థర్మోస్టాట్ మూయడం లేదు.

ఎండాకాలంలో రేడియేటర్ మరిగితే పని చేయించామన్నారు. మన వైపు కొన్ని షెడ్లలో బండి మరిగిందంటే మొదట చేసేది థర్మోస్టాట్ తీసి పక్కన పడేయడం. దాన్ని బిగించే డబ్బా (హౌసింగ్) విప్పి అది ఉందో లేదో చూడండి.

ఐడ్లింగ్ గురించి కూడా ఒక మాట. పది నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం వల్ల సైలెన్సర్ ఎండదు, నీళ్లు ఇంకా చేరతాయి. ముప్పై సెకన్లు, నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడపడం మొదలుపెట్టండి. ఇక్కడ మైనస్ 25లో పొట్టి దూరాలు తిరిగే బండ్లకు ఆ నీళ్లు గొట్టం వంపులో గడ్డకట్టి దారి మూసేస్తాయి, సెల్ఫ్ తిరిగినా ఇంజిన్ అందుకోదు. ఆదిలాబాద్‌కి ఆ బాధ లేదు. కానీ చలికి తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజిన్ ఆన్ చేయడం ఎక్కడైనా ప్రాణం మీదకి తెస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. గ్లాసు పెట్టి కొలిచేటప్పుడు కూడా బండి ఆరుబయటే ఉండాలి.

---

చలిమంట (ఆదిలాబాద్)

తొమ్మిది రోజులు చూసిన. వరుసగ చెప్తున్న.

నీటి మట్టం: సీసాల గీత మీదనే ఉన్నది, రేడియేటర్ మెడ దాక నిండుగనే ఉన్నది. మధ్యాహ్నం 27 డిగ్రీలల్ల 20 కిలోమీటర్లు తోలి చూసిన, పొగ లేదు, చుక్క లేదు. డిప్‌స్టిక్ తేట. ఆయిల్ మూత కింద కొంచెం పసుపు మీగడ ఉన్నది. మిస్సింగ్ లేదు. బుడగలు రాలె, కని మూత తీసి స్టార్ట్ చేయంగనే లోపల నీళ్లు పారుతున్నట్టు కనపడ్డయి.

డాంగిల్: పొద్దున 6 కిలోమీటర్లు పోయినంక కూడ 66 దాటలె. మధ్యాహ్నం 78.

హౌసింగ్ విప్పిచ్చిన. లోపల థర్మోస్టాట్ లేదు. ఖాళీ.

ఇప్పుడు కొత్తది ఏసేటప్పుడు ఏం జాగర్తలు తీసుకోవాలె? కూలెంట్ ఎంత పోయాలె?

---

12-13 స్పానర్

మూత తీయగానే నీళ్లు పారడం కనపడిందన్నారు చూడండి, అదీ ఇదే చెబుతోంది. థర్మోస్టాట్ ఉన్న బండిలో ఇంజిన్ వేడెక్కేదాకా మెడ దగ్గర నీళ్లు దాదాపు కదలకుండా ఉంటాయి. మంచుదేశం గారు సరిగ్గా పట్టుకున్నారు.

మీ ఇంజిన్ నంబరుకు సరిపడే థర్మోస్టాటే కొనండి. దాని మీద 82 అనో 88 అనో అచ్చు వేసి ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఏది ఉంటే అదే. బిగించే ముందు వంటింట్లో పరీక్షించండి: దారంతో కట్టి గిన్నెలో నీళ్ల మధ్య అడుగుకు తగలకుండా వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి మరిగించండి. అచ్చు వేసిన డిగ్రీ దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి, దించి చల్లారిస్తే పూర్తిగా మూసుకోవాలి. ఆ గిన్నె మళ్లీ వంటకు వాడకండి.

థర్మోస్టాట్ పళ్లెం అంచున చిన్న ఊగే పిన్ను ఉంటే అది పైవైపుకి రావాలి, గాలి పోయే దారి అదే. స్ప్రింగు వైపు ఇంజిన్ లోపలికి. హౌసింగ్ ముఖం ప్లాస్టిక్ గీకుడుతో శుభ్రం చేయించండి, స్క్రూడ్రైవర్‌తో గీకితే గాట్లు పడి అక్కడే లీకవుతుంది. రబ్బరు రింగు కొత్తది. బోల్టులు చిన్నవి, అటొకసారి ఇటొకసారి సమంగా బిగించాలి. బలం పెడితే హౌసింగ్ పగులుతుంది.

కూలెంట్ విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. రేడియేటర్ కింద విప్పి వదిలితే నీళ్లన్నీ రావు, లీటరు, లీటరున్నర ఇంజిన్ బ్లాకులో ఉండిపోతుంది. దాని మీద ముందే నీళ్లు కలిపి అమ్మే రెడీమిక్స్ కూలెంట్ పోస్తే పలచబడుతుంది. అందుకని నీళ్లు కలపని కాన్సంట్రేట్ కొనండి. మాన్యువల్‌లో మొత్తం పరిమాణం చూడండి, మీ తరహా బండికి నాలుగైదు లీటర్లు ఉంటుంది. 4.5 లీటర్లు అనుకుంటే, పాత నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి వదిలేశాక 2.25 లీటర్ల కాన్సంట్రేట్ మొదట పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. లోపల మిగిలిన నీటితో కలిసి సగం సగం అవుతుంది. బోరు నీళ్లు వద్దు, సున్నం కడుతుంది.

హీటర్ నాబ్ పూర్తి వేడికి తిప్పి, మూత తీసి, ఐడ్లింగ్‌లో ఉంచండి. పై హోస్‌ని అప్పుడప్పుడు నొక్కి వదులుతుంటే గాలి బయటికొస్తుంది, మట్టం పడిన కొద్దీ పోయండి. హోస్ వేడెక్కడం మొదలై మట్టం నిలిచాక మూత బిగించి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఉంచండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మళ్లీ మట్టం చూడండి, పావు లీటరు దాకా పట్టొచ్చు.

ఇది వేశాక కూడా పొద్దున కొన్ని చుక్కలు కారతాయి, 3 కిలోమీటర్ల తిరుగుడుకి అది పోదు. వారానికి ఒకసారి 25, 30 కిలోమీటర్లు ఒకే బిగిన నడిపితే సైలెన్సర్ డబ్బా ఎండుతుంది, ఆయిల్ మూత కింద మీగడ కూడా పోతుంది. ఇన్నాళ్లు చల్లటి ఇంజిన్ మీద ఎక్కువ పెట్రోల్ పడింది, అందులో కొంత ఆయిల్‌లోకి దిగి ఉంటుంది కాబట్టి ఆయిల్, ఫిల్టర్ ఇప్పుడే మార్చేయండి.

ఒక్కటి మిగిలింది. ఎండాకాలంలో బండి ఎందుకు మరిగిందో ఇప్పటికీ తేలలేదు. థర్మోస్టాట్ తీసేయడంతో ఆ కారణం మరుగున పడింది. కొత్తది వేయగానే బయటపడొచ్చు. డాంగిల్ ఉంది కదా, ఐడ్లింగ్‌లో ఉంచి చూడండి: 95, 100 డిగ్రీల మధ్య ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే వెంటనే ఇంజిన్ ఆపి ఫ్యూజు, రిలే, ఫ్యాన్ మోటారు చూపించండి. ఫ్యాన్ బాగుండి, రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు వేడి పెరుగుతుంటే రేడియేటర్ గొట్టాల్లో సున్నం కట్టినట్టు. మూత రబ్బరు గట్టిపడి ఉంటే దాన్నీ మార్చండి, అదే ప్రెషర్ అంకె ఉన్నదే కొనాలి.